చెయ్యి తీసేస్తే ఆయిలు ఎటు పోతుంది?

మా ఆపా కొడుకు పోయిన వానాకాలం ట్రాక్టర్ కొన్నాడు. పాతదే, కానీ ఇంజన్ బాగుంది. సూద్ జోలికి పోవద్దని ఆపా తన జేవర్ సగం అమ్మేసింది. మిగతాది దుల్హాభాయ్ కోత మిషన్ మీద డ్రైవర్‌గా ఊళ్ళు తిరిగి దాచిన పైసలు. మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాల్వ కింద దమ్ము చేసే రోజుల్లో బండికి ఊపిరాడదు. నాట్లు అయిపోయాక చెట్టు కింద నిలబడుతుంది. నిలబడ్డ బండి రిజ్క్ తేదు కదా. అందుకే వాడు ముందు లోడర్ బకెట్, వెనక లేచే ట్రాలీ పెట్టించి మట్టి, కంకర, పెంట తోలే పని పట్టుకుందామనుకున్నాడు. మంచి ఆలోచనే.

ఒకరోజు అసర్ తర్వాత ఫోన్ చేశాడు. "మామూ, తీన్ లివర్‌కా వాల్వ్ మిల్గయా! పాత పొక్లెయిన్‌ది. కొత్తదాంట్లో సగం ధర కూడా లేదు." విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల మధ్య నిలబడి మాట్లాడుతున్నాడు.

నేను ఒకటే అడిగాను. "బేటా, లివర్ మీద చెయ్యి లేనప్పుడు దాంట్లో ఆయిలు ఎటు పోతుంది?"

వాడు ఖామోష్. దుకాణం ఆయన్ని అడిగాడు. మూడు లివర్లున్నాయి, ఎటు కావాలంటే అటు పోతుంది అన్నాడట ఆయన.

నా దగ్గరికి వచ్చే పిల్లలందరిదీ ఇదే హిసాబ్. ఎన్ని పనులో అన్ని లివర్లు. ఆ లెక్క సగమే సరైనది. లివర్ లాగినప్పుడు ఏ వాల్వయినా బాగానే పని చేస్తున్నట్టు కనిపిస్తుంది. దాని నియ్యత్ బయటపడేది చెయ్యి తీసేసినప్పుడే.

ఎట్లాగో చెబుతాను. మన దగ్గర తిరిగే మహీంద్రా, స్వరాజ్ బండ్లలో ఎక్కువగా ఉండేది గేర్ పంపు. ఇంజన్ తిరిగినంతసేపూ అది ఆయిలు తోస్తూనే ఉంటుంది, నీకు పని ఉందా లేదా అని చూడదు. పని లేనప్పుడు ఆ ఆయిలుకు ఆరామ్‌గా వాపస్ పోయే రాస్తా ఉండాలి. లివర్ నడిమధ్య ఉన్నప్పుడు ఆ రాస్తా ఖులాగా ఉంచేది ఓపెన్ సెంటర్ వాల్వు. క్లోజ్డ్ సెంటర్ వాల్వులో మధ్య దారి బంద్. అవసరాన్ని బట్టి తనే తగ్గి పెరిగే పంపు ఉన్న పెద్ద మిషన్లకు అది సరిపోతుంది. దాన్ని తెచ్చి గేర్ పంపుకు కడితే ఆయిలు పోయే చోటు లేక రిలీఫ్ వాల్వు ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. బండి ఊరికే నిలబడ్డా ఇంజన్ మూలుగుతుంది, ఆయిలు కాగిపోతుంది, సీళ్ళు గట్టిపడి పగులుతాయి, డీజిల్ తగలబడుతుంది. పొక్లెయిన్ వాల్వు చెడ్డదని కాదు, అది ఏ పంపు కోసం పుట్టిందో తెలియకుండా మన బండికి నికాహ్ చేస్తే ఎట్లా?

పాత వాల్వు చేతికొస్తే తెలుసుకునే ఉపాయం ఒకటుంది. లివర్లన్నీ మధ్యలో పెట్టి, ఆయిలు లోపలికొచ్చే రంధ్రంలో కంప్రెసర్ గాలి కొట్టాలి. గాలి ఆగకుండా ట్యాంకు రంధ్రం నుంచి వస్తే ఓపెన్ సెంటర్. రాకపోతే దాన్ని అక్కడే పెట్టి సలాం చెప్పి వచ్చెయ్యాలి. భాంజా కొట్టించాడు. గాలి రాలేదు.

పాత మ్యాస్సీ ఫెర్గూసన్ బండ్ల సంగతి వేరు. హ్యారీ ఫెర్గూసన్ పద్ధతిలో పంపు హౌసింగ్ లోపలే ఆయిలులో మునిగి ఉంటుంది, కంట్రోల్ వాల్వు ఆ పంపు పీల్చుకునే వైపు ఉంటుంది. లిఫ్టుకు పని లేకపోతే పంపు పీల్చడమే మానేస్తుంది. అలాంటి బండికి బయట వాల్వు పెట్టేవాళ్ళు, పంపు ఆగకుండా తోసేలా లివర్ ఎక్కడ నిలపాలో ముందు తెలిసినవాళ్ళతో చూపించుకోవాలి. మావాడిది గేర్ పంపు బండి, ఆ మామ్లా మాకు రాలేదు.

కొత్త వాల్వు కొనడానికి కూర్చున్నాం. ఇక్కడ రెండో ప్రశ్న. కొత్త వాల్వులోంచి బయటికొచ్చిన ఆయిలు తర్వాత ఎక్కడికి? వెనక లిఫ్టు కూడా ఆ ఆయిలుతోనే లేవాలి. మామూలు వాల్వుకు రెండే దార్లుంటాయి, లోపలికి ఒకటి, ట్యాంకుకు ఒకటి. కొందరు ఆ ట్యాంకు దారినే తీసుకెళ్ళి లిఫ్టుకు కలుపుతారు. నాగలి లేపగానే ఆ దబావ్ అంతా వెనక్కి వచ్చి వాల్వులోని వాపస్ దారి మీద పడుతుంది. ఆ గోడలు అంత జోరుకు పోసినవి కావు. మూతలు పగలొచ్చు, సీళ్ళు బయటికి ఎగరొచ్చు. దీనికి ఇలాజ్ పవర్ బియాండ్, కొందరు క్యారీ ఓవర్ అంటారు. దబావ్ ఉన్న ఆయిలును విడిగా లిఫ్టుకు పంపే దారి అది. అప్పుడు ట్యాంకుకు మూడో పైపు, లావుగా, నేరుగా హౌసింగ్‌లోకి వేయాలి. దుకాణంలో "పవర్ బియాండ్ ఉందా" అని అడిగితే చాలు, అడిగినవాడికి పని తెలుసని వాళ్ళకూ అర్థమవుతుంది. ఒక సంగతి మాత్రం ముందే తెలిసి ఉండాలి. లోడర్ లివర్ పూర్తిగా లాగి ఉన్నంతసేపు వెనక లిఫ్టు లేవదు. అది వాల్వు గల్తీ కాదు, ముందున్నవాడు ముందు తాగుతాడు.

"పెద్ద వాల్వు పెడితే బకెట్ తొందరగా లేస్తుందా మామూ?" అన్నాడు భాంజా. లేవదు. వేగం పంపుది. పంపు ఒక్క చుట్టుకు 11 సీసీ తోస్తే, నిమిషానికి 2,000 చుట్లకు 22 లీటర్లు. లోడర్ ఎత్తే జాకీలు రెండు, ఒక్కోదాని లోపలి వ్యాసం 63 మిల్లీమీటర్లు, సాగేది 50 సెంటీమీటర్లు అనుకుందాం. రెండూ నిండడానికి సుమారు 3.1 లీటర్లు కావాలి, అంటే ఎనిమిదిన్నర సెకన్లు. వాల్వు నిమిషానికి వంద లీటర్లదైనా అంతే. పైగా అంత పెద్ద వాల్వులో మన కొంచెం ఆయిలుతో లివర్‌ను మెల్లగా ఆడించడం కుదరదు, బకెట్ కుదుపులతో కదులుతుంది. మరీ చిన్నదైతే ఇరుకు దారిలో ఆయిలు గర్మీ ఎక్కుతుంది. మన 20, 25 లీటర్ల పంపుకు 40 లీటర్ల వాల్వు హాయిగా సరిపోతుంది.

జోర్ సంగతి రిలీఫ్ వాల్వుది. 150 బార్ దగ్గర ఆ 63 మిల్లీమీటర్ల జాకీ ఒక్కొక్కటి సుమారు 4,700 కిలోల జోరుతో తోస్తుంది. బకెట్ లేవట్లేదని రిలీఫ్ స్క్రూ బిగిస్తూ పోయే ఉస్తాద్‌లను చూశాను. గేజ్ లేకుండా ఆ స్క్రూ ముట్టుకునేవాడు ఉస్తాద్ కాదు. బండి కంపెనీ పుస్తకంలో ఎంత రాసుంటే అంతే, ఒక్క బార్ ఎక్కువ వద్దు. లేవని వజన్ ఉందంటే ఆ పని మన బండిది కాదన్నమాట.

ఇక స్పూళ్ళు, అంటే లివర్ లాగితే లోపల జరిగే కడ్డీలు. లోడర్ ఎత్తే దానికి రెండు వైపులా తోసే డబుల్ యాక్టింగ్, దాంతోపాటు ఫ్లోట్ ఉండాలి. ఫ్లోట్‌లో పెడితే బకెట్ నేల ఎట్లా ఉంటే అట్లా పాకుతుంది, చదును పనికి ఇది లేకపోతే మెహనత్ రెట్టింపు. ట్రాలీకి సింగిల్ యాక్టింగ్ కావాలి. ట్రాలీ తన బరువుకే దిగుతుంది, దించడానికి ఆయిలు తోయక్కర్లేదు. దుకాణాల్లో "డబుల్‌ది పెట్టు, ఒక రంధ్రానికి బిరడా కొట్టు" అంటారు. పని జరుగుతుంది, కానీ దించినప్పుడల్లా పంపు ఆ బిరడాను తోస్తూ రిలీఫ్ అరుస్తుంది. రోజుకు ఎన్ని ట్రిప్పులు తోలితే అన్నిసార్లు. ఇంకోటి, ట్రాలీ లివర్ వదలగానే దానంతటదే మధ్యకు రావాలి. లాగితే అక్కడే ఆగిపోయే రకం ఆయిలు మోటార్ తిప్పే పనులకు మంచిది, ట్రాలీకి ఖతరా.

చెయ్యి తీసేశాక ఏమవుతుందన్న మాట అన్నిటికన్నా ఇక్కడే బరువైనది. మా పక్క ఊళ్ళో ఒక డ్రైవర్ లేచిన ట్రాలీ కిందికి దూరి గ్రీజు పెడుతున్నాడు. లివర్ ఎవరూ ముట్టుకోలేదు. పైపు పగిలింది. జనాజా నమాజ్‌లో నేనూ నిలబడ్డాను. సఫ్‌లో నా పక్కన నిలబడ్డ అతని కొడుక్కి భుజం నా మోచేతి దాకా లేదు.

స్పూలు వాల్వు బరువును మోయడానికి పుట్టలేదు, దారి మార్చడానికి పుట్టింది. ఆ కడ్డీ జరగాలంటే చుట్టూ సన్నటి సందు ఉండి తీరాలి, ఆ సందులోంచి ఆయిలు కారి తీరుతుంది. కొత్త వాల్వులోనూ కారుతుంది. శంకు ఆకారపు ముక్క గుంటలో కూర్చుని మూసే వాల్వు వేరు, దాన్ని ఆయిలే వెనక నుంచి నొక్కి పెడుతుంది. ఇది కొత్త హునర్ కూడా కాదు. 9వ శతాబ్దంలో బగ్దాద్‌లో బనూ మూసా అనే ముగ్గురు అన్నదమ్ములు కితాబ్ అల్ హియల్ రాశారు. మనిషి చెయ్యి పడకుండా నీళ్ళ ఒత్తిడికే మూసుకుని తెరుచుకునే శంకు వాల్వులు దాంట్లో ఉన్నాయి. మన గ్యారేజ్ పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు, అందుకే చెబుతున్నాను. అట్లాంటి లాక్ వాల్వు ఒకటి, పైపు పగిలితే ఆయిలును అక్కడే ఆపే వాల్వు ఒకటి, రెండూ జాకీ మూతి దగ్గరే బిగించాలి. డ్రైవర్ సీటు దగ్గర పెడితే ఫాయిదా లేదు, పగిలే పైపు వాటి తర్వాత కదా ఉండేది.

ఇవన్నీ పెట్టినా ట్రాలీ కింద ఇనుప టేకా నిలబెట్టకుండా ఎవరూ దూరకూడదు. ఒంటెను కట్టేసి తవక్కుల్ చెయ్యమన్న హదీస్ మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ఆ టేకానే మన తాడు.

ఆపా ఫోన్ చేసింది. "సస్తాలో అయ్యేది చూడు భయ్యా, నా గాజులు కూడా పోయాయి." ఆపా ఫిక్ర్ నాకు తెలుసు. ఖర్చు తగ్గించే చోటు వాల్వులో కాదు, పనుల్లో వెతికాం. వాల్వులు రెండు రకాలు. మొత్తం ఒకే పోతగా వచ్చేది సస్తా, కారే అతుకులు తక్కువ, కానీ తర్వాత లివర్ కలపలేం. ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించేది కొంచెం ఎక్కువ ధర, అయితే రేపు ఇంకో ముక్క కలుపుకోవచ్చు. మేం ముక్కలదే తీసుకున్నాం. ఇప్పటికి ట్రాలీకి ఒక సింగిల్ యాక్టింగ్ ముక్క, పవర్ బియాండ్‌తో. లోడర్ ముక్కలు రెండూ యాసంగి పైసలు వచ్చాక. ట్రాలీ పని అయితే రేపటి నుంచే తిరుగుతుంది.

జుమా రోజు నమాజ్ తర్వాత బిగించాం. ఆయిలు ఎక్కువ పోయించాను. లోపల పది సెంటీమీటర్ల వ్యాసం, మీటరు సాగే జాకీ ఒక్కటే దాదాపు 7.85 లీటర్లు మింగుతుంది. ఆ ఆయిలు గేర్‌బాక్సు హౌసింగ్‌లోంచే రావాలి. మట్టం చూడకపోతే ట్రాలీ లేపినప్పుడు పంపు గాలి పీలుస్తుంది. పైపుల మూతులకు మూతలు కొనిపించాను, దమ్ము మట్టి ఒక్క చిటికెడు లోపలికి పోయినా స్పూలు గీసుకుపోతుంది.

ఖాళీ ట్రాలీ లేపి, ఇంజన్ ఆపి, లివర్ వదిలేసి చాయ్ తాగాం. పక్క స్తంభం మీద సుద్దతో గీత గీసి ఉంచాను. అరగంటకు చూస్తే ట్రాలీ గీత దగ్గరే ఉంది. ట్యాంకు పైపు అతుకు దగ్గర మాత్రం ఒక చుక్క వేలాడుతోంది. భాంజా పాన తీసుకుని దూరబోయాడు. వాళ్ళ అబ్బా చెయ్యి అడ్డం పెట్టి, ముందు టేకా తెచ్చి నిలబెట్టాడు.