సుమోలు, హీరో, మా గండికోట

మాది జమ్మలమడుగు పక్క పల్లె అనగానే ఆఫీసులో "బాంబులు తెచ్చావా బాస్?" అంటారు. మా నాన్న పండించేది శనగలండీ బాబూ!

1999లో 'సమరసింహారెడ్డి' ఆడినప్పటి నుంచీ తెర మీద సీమంటే సుమోలు, వేటకొడవళ్ళు, మధ్యలో ఒక్క హీరో. 2003 నాటి 'ఒక్కడు'లో కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర మహేష్ ఓబుల్ రెడ్డిని కొడుతుంటే టీవీ ముందు నేనూ ఈలేస్తా. కానీ ఇలాంటి ఫైట్లలో విరిగిన తోపుడుబండి ఎవరు బాగుచేయిస్తారో ఏ సినిమా చెప్పదు.

గండికోటకొస్తే పెన్నా లోయ దగ్గర ఫోటోలు దిగి వెళ్ళిపోకండి. లోపలున్న ధాన్యాగారం కూడా చూడండి. శత్రువు చుట్టుముడితే కోటని నిలబెట్టేది ఒక్కడి కండబలం కాదు, ఆ గింజలు. వాటిని పండించినోళ్ళకి ఎంట్రీ సాంగు ఎప్పుడు పెడతారో మరి!