అన్నీ మోసుకెళ్లనక్కర్లేదు

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు అవసరమైన టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు 2013లో నేను కొన్న ల్యాప్‌టాప్‌లో లేదు. మూడు లోక్‌సభ ఎన్నికల్లో నాతో పాటు ఊళ్లు తిరిగిన ఆ యంత్రాన్ని పక్కనపెట్టి కొత్తది కొనక తప్పలేదు.

ఫైళ్లు ఒక పూటలో కొత్త యంత్రానికి చేరాయి. చిక్కంతా ప్రోగ్రాముల దగ్గరే వచ్చింది. ప్రోగ్రాము ఒక్క చోట ఉండే వస్తువు కాదు. దాని ప్రధాన భాగం ఒక ఫోల్డర్‌లో ఉంటుంది. మన ఇష్టాయిష్టాల వివరాలు మరో చోట, ఆపరేటింగ్ సిస్టమ్‌తో దానికున్న ఒప్పందాలు రిజిస్ట్రీలో ఉంటాయి. ఫోల్డర్‌ను మాత్రమే తెచ్చుకోవడం పాత ఇంటి తలుపు ఊడదీసి కొత్త ఇంటి గోడకు ఆనించడం లాంటిది.

"డిస్క్ మొత్తం క్లోన్ చేసి ఇస్తాను సార్, మీరేమీ చూసుకోనక్కర్లేదు" అన్నాడు దుకాణంలో కుర్రాడు. ఆ చివరి మాటే నన్ను ఆపింది. నాకు భీమా కోరేగావ్ కేసు గుర్తొచ్చింది. నిందితుల్లో ఒకరైన రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌లోకి నెట్‌వైర్ అనే మాల్‌వేర్ ద్వారా పత్రాలను చొప్పించారని 2021 ఫిబ్రవరిలో ఆర్సెనల్ కన్సల్టింగ్ నివేదిక వెలువడింది. ఆ నిర్ధారణను దర్యాప్తు సంస్థ అంగీకరించలేదు. న్యాయస్థానం ఏమి తేల్చినా, ఒక సంగతి మాత్రం విలేకరులందరికీ వర్తిస్తుంది: మన యంత్రంలో మనం పిలవని అతిథి ఉండవచ్చు. క్లోన్ చేస్తే పిలిచినవారితో పాటు పిలవనివారూ కొత్త ఇంటికి వస్తారు.

అందుకే జాబితా రాసుకున్నాను. ప్రోగ్రాముల పేర్లను ఫైలుగా ఇచ్చే వింగెట్ అనే సదుపాయం విండోస్‌లోనే ఉంది. ఆ ఫైలులో అక్కర్లేని పేర్లు కొట్టేసి కొత్త యంత్రానికి అందిస్తే, తనకు తెలిసిన ప్రోగ్రాములను అదే కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తుంది. ప్రతి పేరు దగ్గరా మూడు ప్రశ్నలు వేసుకున్నాను. దీన్ని ఎవరిచ్చారు? ఏడాదిలో ఒక్కసారైనా వాడానా? ఇది లేకపోతే నా రాతలు తెరుచుకుంటాయా? ఎప్పుడో ఒక సమావేశం కోసం దించుకున్నవి, ఎవరో పంపిన లంకెతో వచ్చినవి, ఎందుకు ఉన్నాయో నాకే తెలియనివి రాలిపోయాయి. పరిమిత యంత్రాలకే లైసెన్సు ఉన్నవాటిని ముందు పాతదాంట్లో రద్దు చేసి, కొత్తదాంట్లో మొదలుపెట్టాను.

మూడో ప్రశ్నకు తట్టుకోలేనిది ఒక్కటే మిగిలింది: ఒక పాత తెలుగు టైపింగ్ ప్రోగ్రాము. దాని అనుమతి ఆ ల్యాప్‌టాప్‌కే ముడిపడి ఉంది. అమ్మిన దుకాణం ఇప్పుడు లేదు. దాని ఫాంటులో రాసిన ఫైళ్లను కొత్త యంత్రం తెరుస్తోంది గానీ, తెర మీద ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గందరగోళం కనిపిస్తోంది. 1991 నుంచీ యూనికోడ్‌లో తెలుగుకు చోటుంది. అయినా మా తరం విలేకరులు చాలాకాలం ఇలాంటి ఫాంట్లలోనే రాశారు. అచ్చుపనికి అవే కావలసివచ్చాయి.

ఆ ఫైళ్లలో ఒకటి 2014 ఫిబ్రవరి 18 నాటిది. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లును లోక్‌సభ ఆమోదించిన రోజు. సభ ప్రత్యక్ష ప్రసారం ఆ వేళ ఆగిపోయింది, సాంకేతిక కారణమన్నారు. బయటికి వచ్చిన ఇరు ప్రాంతాల సభ్యులు చెప్పిన మాటలను ఆ రాత్రి టైపు చేసుకున్నాను. దేశం చూడలేకపోయిన ఆ కొద్దిసేపటి గురించి నా దగ్గరున్నది ఆ ఏడు పేజీలే. వాటిని చదవగల ప్రోగ్రాము పోతే అవీ పోయినట్టే.

ప్రోగ్రామును తరలించలేనప్పుడు రాతను దాని నుంచి విడిపించడమే దారి. పాత ల్యాప్‌టాప్‌లోనే ఒక్కో ఫైలునూ తెరిచి, యూనికోడ్‌లోకి మార్చి, సాదా పాఠంగా భద్రపరిచాను. మార్పిడిలో ఒత్తులు చెదిరాయి. 'రాష్ట్రం' అన్న మాట ఒక్కసారి కూడా సరిగా రాలేదు. వచ్చిన ప్రతిచోటా చేత్తో దిద్దాను. పాత పాఠంతో పోల్చుకుంటూ కూర్చుంటే నాలుగు రాత్రులు పట్టింది.

ఇది నా ఒక్కడి బాధ కాదు. తెలుగు పత్రికల పాత సంచికలు, సంఘాల తీర్మానాలు, రచయితల చేతిరాత తరువాతి కాలపు ప్రతులు ఎన్నో ఇలాంటి ఫాంట్లలో చిక్కుకుని ఉన్నాయి. మీ దగ్గరా ఉంటే, పాత యంత్రం ఇంకా వెలుగుతుండగానే మార్చుకోండి.

చివరికి కొత్త ల్యాప్‌టాప్‌లోకి వచ్చిన ప్రోగ్రాములు పదకొండు. ఆ ఏడు పేజీలను నిన్న ఫోన్‌లో కూడా తెరిచి చూశాను. ప్రతి అక్షరమూ చదవగలిగాను. పాతదాని డిస్క్‌ను ఆ తరువాతే చెరిపేశాను.