నక్షత్రం గుర్తు, నిశాని రాయి

గుండ్రటి గీత లోపల ఐదు మొనల నక్షత్రం. ఈ మధ్య మన పిల్లల ఫోన్లలో, టీషర్టుల మీద, మెడలో గొలుసులకు ఈ గుర్తు కనిపిస్తోంది. నేను పనిచేసేది సింహాచలం కొండ కింద. పోర్టు పనులకు, స్టీల్ ప్లాంట్ చుట్టుపక్కల కూలీకి కొండ దిగి వచ్చిన మనవాళ్ల పిల్లలు నా దగ్గర చదువుకుంటున్నారు. "మాస్టారూ, ఇది చిల్లంగి గుర్తా?" అని వాళ్లే అడిగారు. సగం సరదా, సగం భయం. ఆ భయం కోసమే ఇది రాస్తున్నాను.

ఆ గుర్తు మన కొండల్లోది కాదు. ఇంగ్లండ్‌లో మంత్రవిద్య మీద 1735లో చేసిన చట్టం ఒకటి 1951 దాకా ఉంది. అది రద్దయ్యాక, మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి వచ్చిన గెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆయన 1954లో ఒక పుస్తకం అచ్చేశాడు. విక్కా అనే కొత్త మతం అలా పదిమందికీ తెలిసింది. వాళ్లకు ఆ నక్షత్రం ఐదు మొనలూ మట్టి, నీరు, నిప్పు, గాలి, ఆత్మ. పూజలో ఉప్పు మట్టికి, గిన్నెడు నీళ్లు నీటికి, కొవ్వొత్తి నిప్పుకు, ధూపం గాలికి గుర్తు. మనిషి ప్రకృతిలో భాగమని తలుచుకోవడమే అందులో అర్థం. అక్కడివాళ్లు ఇష్టపడి తమను తాము మంత్రగత్తెలమని చెప్పుకుంటారు.

ఇందులో మనకు కొత్తేముంది? సింహాచలంలో జనం గంగధార కింద తల తడుపుకుంటారు, దీపం పెడతారు. అప్పన్న అక్షయ తృతీయ నాడు తప్ప ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు. నీరు, నిప్పు, చందనం చూసి ఎవరూ భయపడరు. మన ఊళ్లలో నిశాని రాయి ఉంది. ఇటుకల పండుగకు అక్కడ విత్తనాలు పెట్టి మొక్కి, ఆ తర్వాతే పొలంలో చల్లుతాం. మనకు మట్టి అంటే సామలు, కొర్రలు. నీరంటే ఊట. నిప్పంటే పోడు, చలికాలం నెగడు. వీటితో బతుకుతాం కాబట్టే వీటికి మొక్కుతాం.

అదే నిమ్మకాయ, అదే పసుపు, అదే బూడిద ఒకరి గుమ్మం ముందు కనిపిస్తే మాత్రం మన లెక్క మారిపోతుంది. నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒక మామ్మ ఉండేది. ఆకులు నూరి దెబ్బలకు కట్టు కట్టేది. ఒక వానాకాలం జ్వరాలతో ఇద్దరు పిల్లలు పోయారు. ఆమె పొయ్యి బూడిద తెచ్చి కొట్టిందని ఎవరో అన్నారు. వారం తిరక్కుండా ఊరంతా అదే మాట. ఆమె ఇంటికి నిప్పు ఇవ్వలేదు, ఊట దగ్గరకు రానివ్వలేదు. రాత్రికి రాత్రి కొడుకును తీసుకుని కొండ దాటి వెళ్లిపోయింది. ప్రాణాలతో వెళ్లింది, అంతే. అలా వెళ్లలేక చచ్చిపోయినవాళ్లు మన ఏజెన్సీలో ఉన్నారు.

ఇంగ్లండ్‌లో ఆ పేరు ఇష్టమైనవాళ్లు పెట్టుకుంటారు. మన దగ్గర ఆ పేరు ఇతరులు అంటగడతారు. ఎక్కువసార్లు అది ముసలివాళ్ల మీద, ఒంటరి ఆడవాళ్ల మీద పడుతుంది. దాని వెనుక ఒక్కోసారి భూమి తగాదా కూడా ఉంటుంది.

అస్సాంలో బీరుబాలా రాభా మన లాంటి ఆదివాసీ తల్లి. కొడుకు మూడు రోజుల్లో చస్తాడని మంత్రగాడు చెప్పాడు. కొడుకు బతికాడు. అప్పటి నుంచి ఆమె ఊరూరా తిరిగి, మంత్రగత్తెలని ముద్రపడ్డ ఆడవాళ్ల పక్కన నిలబడింది. అస్సాం 2015లో ఇందుకు చట్టం చేసింది. మన పక్కనున్న ఒడిశాలో 2013లోనే వచ్చింది. ఆమెకు 2021లో పద్మశ్రీ ఇచ్చారు.

టీచర్లకు ఒక మాట. పిల్లలు నక్షత్రం చూపిస్తే కసరకండి, దాని అర్థం చెప్పండి. తర్వాత నిశాని రాయి అర్థం వాళ్లనే చెప్పమనండి. జ్వరం వస్తే ముందు మలేరియా రక్తపరీక్ష అని ప్రతి వానాకాలం బోర్డు మీద రాయండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గొలుసు వేసుకోవడం మీ ఇష్టం. కానీ సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ఎవరి మీదైనా చిల్లంగి అన్న మాట వినబడితే ఊరుకోకండి. ఆశా కార్యకర్తకు చెప్పండి, పోలీసులకు చెప్పండి. ఆ సాయంత్రమే ఆ మామ్మ గుమ్మంలో కూర్చుని, ఆమె చేతి నీళ్లు అడిగి తాగండి. ఊరు చూస్తుంది.