యాభై మీటర్లు

తెలుగు మేష్టారికి పనేముంటుందనే అభిప్రాయం మా కళాశాలలో చాలాకాలంగా స్థిరపడి ఉంది. రసాయనశాస్త్రం వారికి ప్రయోగశాల ఉంది, లెక్కలవారికి లెక్కలున్నాయి, నాకు పద్యాలు తప్ప మరేమీ లేవు. కనుక గోడలకు సున్నం వేయించడం మొదలు పంద్రాగస్టుకు లడ్డూలు తెప్పించడం దాకా అన్నిటికీ కన్వీనరును నేనే. 2023లో దీపావళికి ముందు ప్రిన్సిపాలుగారు పిలిచి, "మేష్టారూ, టపాసుల కొట్లవాళ్ళు మన గ్రౌండు అయిదు రోజులకు అడుగుతున్నారు. ఆ అద్దె వస్తే లైబ్రరీ కప్పు బాగుచేయించుకోవచ్చు. కాస్త మీరు చూడండి" అన్నారు.

మొత్తం ఇరవై కొట్లు. లైసెన్సు ఇచ్చేది అధికారులే, వచ్చి చూసేది ఫైరువారే. కాని స్థలం మాది గనక మా అంగీకారపత్రం కూడా ఉండాలి. సంతకం పెట్టేముందు చదవడం నాకు ఉద్యోగరీత్యా అబ్బిన దురలవాటు. 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనలు సంపాదించి, రాత్రి భోజనాలయ్యాక ముందేసుకు కూర్చున్నాను.

పండుగల్లో పెట్టే తాత్కాలికపు కొట్లకు 84వ నిబంధన. ఉన్నవి కొద్ది వాక్యాలు. షెడ్డు మంట అంటుకోని సామగ్రితో కట్టాలి. షెడ్డుకూ షెడ్డుకూ కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలి. ఒకదానికొకటి ఎదురుబొదురుగా ఉండరాదు. నూనె దీపాలు, గ్యాసు దీపాలు కూడవు. విద్యుద్దీపమైనా గోడకో కప్పుకో బిగించాలి గాని తీగకు వేలాడదీయరాదు. 50 మీటర్ల లోపల ఎవరూ ఏదీ కాల్చి చూపించరాదు. చదువుతూంటే ఒక్కొక్క వాక్యం వెనకా ఎక్కడో ఒక కొట్టు తగలబడి ఉంటుందనిపించింది. అంతకు ముందు దీపావళికే, 2022 అక్టోబరులో, విజయవాడ జింఖానా గ్రౌండులో కొట్లు అంటుకుని ఇద్దరు చనిపోయారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఏ షెడ్డయినా 'ప్రొటెక్టెడ్ వర్క్'కు 50 మీటర్ల దూరంలో ఉండాలన్నది. మా ప్రిన్సిపాలుగారు దీనిని రక్షిత కట్టడం అని తెనిగించుకుని, "మన హాస్టలేమన్నా లేపాక్షి గుడా మేష్టారూ?" అన్నారు. కాదండీ, మనుషులు కాపురముండే ఇల్లూ, కళాశాలా, ఆస్పత్రీ అన్నీ ఆ మాటలోకే వస్తాయని చెప్పాను. ఆడపిల్లల హాస్టలు గ్రౌండుకు తూర్పు కొసన ఉంది మరి.

మర్నాడు వ్యాయామోపాధ్యాయుల వారి దగ్గర టేపు అడిగి తెచ్చుకున్నాను. లాంగ్ జంప్ కొలిచే టేపు. ముగ్గు పోసినవాళ్ళు అంగలతో కొలిచినట్టున్నారు. హాస్టలు గోడనుంచి ఇరవయ్యో షెడ్డుకు లెక్క 44 దగ్గర ఆగింది. పడమటి కొసన ఇళ్ళకు సరిగ్గా 50 ఉంది గనక వరసను అటు జరపడానికి లేదు. మధ్య సందులు 3 మీటర్లే గనక దగ్గరకు లాగడానికీ లేదు. షెడ్డు వెడల్పు మూడు, సందు మూడు. ఒక్క షెడ్డు తీసేస్తే సరిగ్గా యాభై.

ఆ ఇరవయ్యో నంబరు చీటీ వచ్చింది నా పాత విద్యార్థికి. పేరెందుకు లేండి. సంధులు రాకపోయినా మర్యాద తెలిసినవాడు. గేటు పక్కనే కొట్టు వచ్చిందని సంబరపడి, వాళ్ళమ్మ గాజులు కుదువబెట్టి సరుకు తెచ్చాడు. సంగతి చెబితే నా టేపు వంక చూశాడు. "ఆరు మీటర్లేగా మేష్టారూ!" అన్నాడు.

ఆరు మీటర్లే. కాని నాకు మా బాబాయి చెయ్యి గుర్తుకు వచ్చింది.

మా చిన్నతనంలో చిచ్చుబుడ్లు, మతాబులు ఇంట్లోనే కూరేవారు. సూరేకారం, గంధకం, జిల్లేడు బొగ్గు దేనికది విడిగా నూరి, జల్లించి, చివరకు కాగితం మీద పోసి చేత్తో మెల్లగా కలపాలి. ఇనపరజను అన్నిటికంటే ఆఖరున. అది మా తాతగారి శాసనం. లైసెన్సులు మాకు తెలియవు గాని శాసనం మాత్రం గట్టిగా ఉండేది. నా తొమ్మిదో ఏట తాతగారు ఏదో పెళ్ళికని ఊరు వెళ్ళారు. పొద్దు చాలదని బాబాయి అన్నీ కలిపి రోట్లో వేశాడు. ఆ చప్పుడుకు వీధిలోవాళ్ళు దీపావళి ముందే వచ్చిందనుకున్నారు. బాబాయి అప్పటికి టైపు హయ్యరు పాసై, ఉద్యోగపు కాగితం కోసం ఎదురు చూస్తున్నాడు. కాగితం వచ్చింది. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. ఈనాటికీ పెరుగన్నం ఎడమచేత్తో చెంచా పట్టుకు తింటాడు. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటున్నాడు.

ఇదంతా ఆ కుర్రాడికి చెప్పలేదు. నిబంధన మళ్ళీ చదివాను. ఎదురుబొదురుగా ఉండకూడదన్నారు గాని వీపు వీపు కలిపి ఉండకూడదనలేదు. వరస వెనకాల, మధ్య 3 మీటర్లు వదిలి, అటు తిరిగి ఒక షెడ్డు వేయవచ్చు. వేయించాను. దాని ముందు సర్కారు తుమ్మలు తప్ప మరేమీ లేవు. ముందు వరసలో జనం ఒకరినొకరు తోసుకుంటూంటే, మా వాడు తుమ్మచెట్లకు విష్ణుచక్రాలు చూపిస్తూ కూర్చున్నాడు. రోజూ సాయంత్రం నేను వెళ్ళి ఏదో ఒకటి కొనేవాణ్ణి. ఆ ఏడు మా ఇంట్లో కాకరపువ్వొత్తులు సంక్రాంతి దాకా ఉన్నాయి. "మీకింత సరదా ఉందని పెళ్ళినాడు తెలియలేదు సుమండీ" అంది మా ఆవిడ.

ఆఖరి రోజున షెడ్డు విప్పుతూ, "ఏమయింది మేష్టారూ చివరికి? ఏమీ కాలేదుగా!" అన్నాడు. ఏమీ కాలేదు. ఇంత శ్రమా అందుకే గదా అందామనుకున్నాను. నష్టపోయినవాడికి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. గాజులు మాత్రం వేసవిలో విడిపించాడని విన్నాను.

2024లో మా గ్రౌండుకు అతను రాలేదు. ఊరికి అవతలి పక్క ఖాళీ స్థలంలో పెట్టాడు. అక్కడ ఎవరూ టేపు పట్టరుట. పండుగకు రెండు రోజుల ముందు సాయంత్రం, ఏదో కొనే మిషతో వెళ్ళాను. కొట్లన్నీ భుజం భుజం ఆనుకుని ఉన్నాయి. తీగలకు బల్బులు గాలికి ఊగుతున్నాయి. కొనబోయేవాడెవడో సిసింద్రీ ఒకటి అక్కడే అంటించి చూస్తున్నాడు. వెనక ఇళ్ళ వరస. చివరి ఇంటి గోడనుంచి అతని కొట్టుకు అంగలు లెక్కపెట్టాను. ఇరవై రెండు. నా అంగ మీటరుకు కాస్త తక్కువే.

"ఏం మేష్టారూ, ఇక్కడ కూడా కొలుస్తున్నారా?" అని నవ్వాడు. వాళ్ళమ్మ లోపల స్టూలు మీద కూర్చుని చిల్లర లెక్కపెడుతోంది. చేతులకు గాజులున్నాయి. కాకరపువ్వొత్తుల పెట్టె కట్టి ఇచ్చాడు. ఎంత చెప్పినా డబ్బు పుచ్చుకోలేదు.

ఇంటికి వచ్చి ఫైరు స్టేషనుకు ఫోను చేశాను. స్థలం చెప్పాను. మీరెవరని అడిగితే చెప్పలేదు. మర్నాడు వాళ్ళు వచ్చి సగం కొట్లు తీయించారు. అతనిదీ పోయింది. సరుకంతా ఆటోలో వేసుకుని పోతూ మా వీధి మొగలో కనిపించి, "ఎవరో కిట్టనివాళ్ళు ఫోను చేశారు మేష్టారూ" అన్నాడు. అవునన్నట్టు తల ఊపాను. బాబాయి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అతను పోయినదాకా ఆగి, నా మొహం వంక చూసి, ఏమీ అడక్కుండా లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ కుర్రాడు ఈ పత్రిక ప్రతివారం కొంటాడు. సీరియల్ కోసం.