నల్ల గీత వెంట

కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్ వేలికి చురుక్కుమన్నాకే అర్థమైంది: లోపలి బైపోలార్ ట్రాన్సిస్టర్లు దారిలోనే దాదాపు 2 వోల్టులు మింగేస్తాయి. 7.4 వోల్టుల బ్యాటరీ పెట్టినా మోటార్లకు దక్కేది ఐదున్నరే. మా పాఠాల్లో స్విచ్ అంటే నష్టమెరగని స్విచ్చే!

ఆ మోటార్లతో నల్ల టేపు వెంట నడిచే బండికి ప్రోగ్రామ్ రాయడం ఇంకా సరదా. గీత తప్పినంత మేరకే తిప్పితే తాగినవాడిలా ఊగుతుంది. ఆ తప్పు ఎంత వేగంగా మారుతోందో కూడా చూడాలి. పీఐడీ అనే నియంత్రణ పద్ధతిలో ‘డీ’ అదే. ఓడ చుక్కాని పట్టేవాళ్ల తీరు గమనించి మినోర్‌స్కీ అనే ఇంజనీరు 1922లో ప్రకటించిన లెక్క ఇది. నా ఆర్డుయినో బోర్డులో నాలుగైదు వరుసలు, అంతే. ఆ లెక్కలోని స్థిరాంకాలు మాత్రం బండి వెనకాల నేలమీద పాకుతూ పట్టుకోవాల్సిందే. బ్యాటరీ దిగేకొద్దీ అవీ మొరాయిస్తాయి.