షడ్జమం ఎక్కడ పెట్టుకోవాలి

జనవరి 17
కొత్త నైలాన్ తీగలు ఇంకా సాగుతూనే ఉన్నాయి. రాత్రి శ్రుతి చేసి పెడితే పొద్దున్నకి దిగిపోతాయి. జి, సి, ఇ, ఏ నాలుగూ సరిచూసుకున్నాకే యుకలేలీ చేతికి తీసుకోవాలి.

జనవరి 19
సి తీగను షడ్జమం అనుకుంటే శంకరాభరణం వేళ్ల కిందే ఉంది. వట్టి తీగ స, రెండో మెట్టు రి. ఇ తీగ వట్టిగా మీటితే గ, ఒకటో మెట్టు మ, మూడో మెట్టు ప. ఏ తీగ వట్టిగా ద, రెండులో ని, మూడులో పై స. మూడు వేళ్లు చాలు. జి తీగ పైన ఉన్నా మంద్రంగా పలకదు, అదీ పంచమమే.

జనవరి 22
పెరట్లో చింతపండు కొట్టే పని. మధ్యాహ్నం వేళ్లు నొప్పి, సాధన లేదు.

జనవరి 26
వీధి చివరి బడిలో పిల్లలు జనగణమన పాడుతుంటే స్వరాలు పట్టుకుంటూ విన్నాను. మొదలు స, రి, ఆపైన గాంధారం మీదే వరసగా నడక. వారం రోజులుగా నా చెయ్యి తిరుగుతున్న చోటే! ఇంటికొచ్చి వాయించాను. మొదటి పాదం దాదాపు వచ్చేసింది. ఎంత సంతోషమేసిందో.

జనవరి 28
ఆ పాటకి మా పక్కనున్న మదనపల్లెతో చుట్టరికం ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో కొన్నాళ్లు ఉన్నాడు. అక్కడే ఆ పాటను పాడి వినిపించాడు, ఇంగ్లీషులోకీ మార్చాడు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఐర్లండులో సంగీతం చదివి పట్టా పుచ్చుకున్న మనిషి. ఆమే ఆ బాణీ స్వరాలను కాగితం మీద పెట్టింది. అనువాదం గురించి అందరూ చెబుతారు. నా మనసు మాత్రం ఆ స్వరాలు రాసుకున్న చేతి మీదే ఉంది. విన్నది విన్నట్టు రాయాలంటే ఒక్కో స్వరం దగ్గరా ఆగాలి కదా.

ఫిబ్రవరి 2
పాదం చివర పాట కింది నిషాదానికి దిగి, రిషభం తాకి, షడ్జమం మీద నిలబడుతుంది. ఆ కింది ని నా యుకలేలీలో లేదు. వట్టి సి తీగే అన్నిటికన్నా కింది స్వరం, దానికింద ఏమీ లేదు. 1879లో మదీరా దీవి నుంచి హవాయి చెరకు తోటల పనికి ఓడెక్కిన పోర్చుగీసువాళ్లు తీసుకెళ్లిన బుల్లి వాద్యం నుంచి పుట్టింది ఇది, ఒళ్లే అంత.

ఫిబ్రవరి 5
భజన మందిరంలో హార్మోనియం వాయించే తాతను అడిగాను.
“స ఆడనే ఉండాలని ఎవురు చెప్పినారు మా? పాటకి కింద చోటు కావాల్నంటే నువ్వే కొంచెం పైకి జరుగు.”
గాయకుడి గొంతును బట్టి ఆయన రోజూ చేసే పని అదే. అది సాధనలో భాగమని నాకు తట్టలేదు, నేను చూసి నేర్చుకుంటున్న పుస్తకం కూడా చెప్పలేదు.

ఫిబ్రవరి 8
సి తీగ రెండో మెట్టే ఇప్పుడు స. ఒకటో మెట్టులో కింది ని, పక్కపక్కనే! రి వట్టి ఇ తీగ, గ దాని రెండో మెట్టు, మ మూడు. ప వట్టి ఏ తీగ, ద రెండు, ని నాలుగు, పై స ఐదు. పాదం పూర్తిగా పలికింది. ఇన్నాళ్లూ మెట్ల నంబర్లు కంఠతా పెట్టాను. ఇవాళ స్వరాల మధ్య దూరాలు చెవికి తెలిశాయి.

ఫిబ్రవరి 13
ఇదే షడ్జమం మీద మాయామాళవగౌళ. సరళీ వరుసలన్నీ అందులోనే కదా. రి సి తీగ మూడో మెట్టు, ద ఏ తీగ ఒకటి. ద నుంచి ని మూడు మెట్ల దూరం. చూపుడువేలు ఒకటి మీద ఉంచి చిటికెన వేలు నాలుగుకి చాపాలి. రెండో కాలంలో ఇంకా అందడం లేదు. మొదటి కాలంలోనే, నిదానంగా.