కొట్టి చూసి కొనేవాళ్ళు

పుష్య అమావాస్యకి కెస్లాపూర్‌లో గోండుల నాగదేవత నాగోబా జాతర మొదలవుతుంది. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని ఈ ఊరికి ఆ రోజుల్లో ఎక్కడెక్కడి గోండు గూడేలూ తరలి వస్తాయి, మహారాష్ట్ర వైపు నుంచి కూడా. అక్కడ అధికారులు గిరిజనుల గోడు వినే దర్బారు గురించి పత్రికల్లో చదువుతాం. గోండు నాయకుడు కుమ్రం భీం పోరాడి నేలకొరిగిన రెండేళ్ళకి, 1942లో, మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో మొదలైన ఆ దర్బారు ముఖ్యమైనదే. నా కాళ్ళు మాత్రం ముందు అంగళ్ళ వైపు నడుస్తాయి. కుండలు, గంపలు, చేటలు, కొడవళ్ళు, గజ్జెలు. అవి చేసినవాళ్ళే వాటి పక్కన కూర్చుని ఉంటారు. వాళ్ళని చూడటం కన్నా కొనేవాళ్ళని చూడటం నాకు ఎక్కువ ఇష్టం.

కుండ కొనే ఆడమనిషిని ఒక్కసారి గమనించండి. వరస మీద వరస పేర్చిన కుండల్లోంచి ఒకటి లేపి, ఎడమచేత్తో మూతి పట్టుకుని, కుడిచేతి వేళ్ళు ముడిచి కణుపులతో కొడుతుంది. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ కొడుతుంది. కంగుమంటే ఆవంలో బాగా కాలినట్టు. మొద్దుగా పలికితే ఎక్కడో సన్నని పగులుంది, లేదా సరిగ్గా కాలలేదు. తర్వాత ఎండకి ఎత్తి లోపలికి చూస్తుంది, సూదిమొనంత చిల్లు ఉన్నా వెలుతురు పట్టిస్తుంది. నీళ్ళకా, వంటకా అన్నది ముందే చెబుతుంది. నీళ్ళకుండ పైకి చెమ్మగిల్లాలి, అప్పుడే నీళ్ళు చల్లబడతాయి. వంటకుండకి ఆ గుణం పనికిరాదు, అందుకే ఇంటికి తీసుకుపోయాక నానబెట్టి, మొదట గంజి కాచి, రంధ్రాలు పూడాకే కూర వండుతారు. ఈ సంగతులన్నీ కుమ్మరికి తెలుసు. ఆమెకీ తెలుసని కూడా కుమ్మరికి తెలుసు. అందుకే పలకని కుండని ముందు వరసలో పెట్టడు.

హస్తకళ అనగానే మనం చేసేవాళ్ళ వేళ్ళ గురించే మాట్లాడతాం. ఆ కళలో సగం కొనేవాళ్ళ వేళ్ళలో ఉందని నాకు తెలిసింది ఇలాంటి జాతరల్లోనే.

చేట సంగతీ అంతే. మేదరి చేతిలో వెదురు బద్ద ఎంత సన్నగా చీలిందో చూడటానికి మనకి కళ్ళు చాలు. చెరిగేవాళ్ళకి చాలవు. రెండు చేతులా పట్టుకుని, ఖాళీ చేటనే నాలుగుసార్లు ఎగరేసి చూస్తారు. అంచు కట్టు వదులుగా ఉంటే మణికట్టుకి అప్పుడే తెలిసిపోతుంది. కొన్న చేటకి నానబెట్టి రుబ్బిన మెంతుల ముద్దలో కాగితం కలిపి పూయడం ఇంటి పని. అంటే మేదరి అల్లినప్పటికి చేట పూర్తి కాదు, ఆ మిగిలిన పని కొన్నవాళ్ళు చేస్తారు.

ఇదే ప్రాంతంలో ఇత్తడి పోతపోసే ఓజాలున్నారు. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలం ఉషేగావ్ వాళ్ళ ఇత్తడి పనికి పేరు. ముందు మట్టితో లోపలి ఆకారం చేస్తారు. తేనెమైనాన్ని దారాల్లా సాగదీసి దాని చుట్టూ చుట్టి, ఆ దారంతోనే కళ్ళు, ముక్కు, నగలు తీర్చి, పైన మళ్ళీ మట్టి మెత్తుతారు. కాల్చితే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది. అచ్చు మళ్ళీ పనికిరాదు కనక రెండోది మొదటిదానిలా ఉండదు. ఈ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తరతరాలుగా ఓజాలు ఇత్తడి పోసింది గోండుల దేవుళ్ళ కోసం, ఆ కొలుపుల్లో మోగే గంటల కోసం. ఇప్పుడు ఏనుగులు, నెమళ్ళు ఎక్కువగా చేస్తున్నారు, నగరాల వాళ్ళు అవే అడుగుతారు కాబట్టి. ఆ గిరాకీ వల్లే కొలుములు ఆరకుండా ఉన్నాయి, నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ అల్మారాలో పెట్టే నెమలి బాగుందో లేదో తేల్చేది చూపు ఒక్కటే. గంటని మోగించి చూస్తారు, శ్రుతి బాగాలేకపోతే వెనక్కి ఇచ్చేస్తారు. అలా వెనక్కి ఇచ్చే మనుషులు తగ్గినకొద్దీ పనివాడికి తన పని ఎంత బాగుందో చెప్పేవాళ్ళు లేకుండా పోతారు. అదే నాకు భయం.

నాగోబా పూజకి కావలసిన మట్టికుండలు సిరికొండ కుమ్మరులే చేసివ్వాలన్నది ఆ దేవుణ్ణి కొలిచే గోండుల్లోని మెస్రం వంశం వారి ఆచారం. హస్తినమడుగు నుంచి కాలినడకన గోదావరి జలం తెచ్చే ఆ వంశం వాళ్ళు, కుండల కోసం ముందుగానే సిరికొండకి కబురు పెడతారు. ఏ ప్రభుత్వ పథకమూ, ఏ ప్రదర్శనా ఒక చేతివృత్తికి ఇంతకన్నా గట్టి భరోసా ఇవ్వలేదని నా నమ్మకం. ఫలానా అమావాస్యకి ఫలానా కుండలు కావాలి, అవి నీ చేతివే కావాలి అని ఒక వంశం మరో ఇంటికి చెప్పడం! మనం జాతరకి వెళ్ళి బేరమాడి ఒక వస్తువు కొనుక్కుని వచ్చేస్తాం. వచ్చే ఏడాదికి ఇలాంటిది ఇంత కొలతలో కావాలని చెప్పి, బయానా ఇచ్చి రావడం మనలో ఎంతమందికి అలవాటుంది?

చెప్పి చేయించుకోవడంలో అడిగే హక్కు కూడా ఉంది. గంపల అంగడి దగ్గర కాసేపు నిలబడితే ఎవరో ఒకరు పాత గంప పట్టుకొస్తారు. "పోయినేడు నీ దగ్గరే కొన్న, అడుగు ఊడింది సూడు" అంటారు. అమ్మే ఆమె దాన్ని తిప్పి తిప్పి చూస్తుంది, అది తన అల్లికే అని గుర్తుపడుతుంది. "పేడ మోసినవా అక్కా ఇండ్ల? ఇది వడ్లకు అల్లింది" అని మందలించి, రెండు బద్దలు తీసి అక్కడే అల్లడం మొదలుపెడుతుంది. ఆ అల్లికకి డబ్బు అడగదు. ఎరువుకి వేరే గంప చూపించి, దాని ధర మాత్రం పైసా తగ్గించకుండా చెబుతుంది.